మొదటి మాట

మంచు మోకాటి లోతున ఉంది.
జబెజ్ థ్రాల్ నాలుగు రోజులు నడిచాడు బోస్టన్‌కి.
సంచిలో ఉప్పుపట్టిన పంది మాంసం, సగం రొట్టె,
బడి పంతులు చేత్తో ఎత్తి రాసిచ్చిన
కొత్త రాజ్యాంగం ప్రతి, మడతల దగ్గర అప్పుడే చిరుగు.
చొక్కా లోపలి జేబులో ఊరి తీర్మానం.
అందులో ఉన్నది ఒకటే:
వద్దు.

ఆ వద్దు పుట్టింది వెల్డన్ ఊరి ప్రార్థనా మందిరంలో.
అక్కడ పొయ్యి లేదు.
నోరు తెరిచిన ప్రతివాడి మాటా తెల్లగా కళ్ళకి కనబడి
దూలాల దాకా వెళ్ళకముందే కరిగిపోయింది.
వెనక నిలబడ్డ మెహిటబెల్ క్రో
(ఓటు లేదు, గొంతు ఉంది)
అంది:
"పన్ను కింద నా ఆవుని తోలుకుపోయినవాడు
నా మొహం చూడలేక నేల చూశాడు.
ఆ మాత్రం సిగ్గు కావాలి నాకు, పన్ను వేసేవాడిలో.
నాలుగు నదుల అవతల కేంద్రమని ఒకటి పెట్టి
కూర్చునేవాడు
ఏ నేల చూస్తాడు?"

సభలో ఓడల వర్తకుడు పెలెగ్ స్టార్‌బర్డ్ లేచి
జేబులోంచి ఒక మేకు తీశాడు.
"ఇది మన కొలిమిలో పుట్టింది. మూడు రాష్ట్రాలు దాటింది.
మూడు చోట్లా సుంకం కట్టింది.
ఇప్పుడు దీని ఖరీదు కన్నా
ఇది నడిచిన దారి ఖరీదెక్కువ.
ఇలాంటి మేకులతో ఇల్లెలా కట్టమంటారు?"

జబెజ్‌కి ఆ మేకు నచ్చింది.
నచ్చినందుకు కోపమొచ్చింది.

రాత్రి సత్రంలో కొవ్వొత్తి దగ్గర
మొదటి వాక్యం వేలుపెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు.
తెల్లారి సభలో లేచి అడిగాడు:
"అధ్యక్షా, ఈ మొదటి మాటలో ఉన్నది ఎవరు?
నేనా?
నన్నడగలేదే ఎవరూ, ఇప్పటిదాకా."

ఇక్కడ నా కలం ఆగిపోతుంది.
వాళ్ళ భాషలో ఆ మాట ఒక్కటే.
నా భాషలో రెండు.
ఎదుటివాణ్ణి గడప అవతల నిలబెట్టి అంటే మేము,
అతనికీ పీట వేసి అంటే మనం.
ఏది రాయను?
వేసవంతా తలుపులు బిగించుకుని రాసినవాళ్ళు
ఏదనుకుని రాశారు?
బహుశా వాళ్ళకి తేల్చుకోవలసిన పని పడలేదు.
ఆ సౌకర్యం నాకు లేదు.

సభ మూల, పొయ్యి చూసుకుంటూ కఫీ ట్రస్క్.
అతనికి విడుదలై ఐదేళ్ళు.
చెల్లెలు ఇంకా కారోలినాలో, ఎవరివో వరి మడుల్లో.
ఆ కాగితం లెక్కలో ఆమె
ఐదింట మూడు వంతులు.
ఎవరో ఆ అంకె పైకి చదువుతున్నప్పుడు
కఫీ చేతుల్లో ఐదు దుంగలున్నాయి.
మూడు పొయ్యిలో పెట్టాడు.
రెండు నేలమీద పెట్టి
వాటినే చూస్తూ నిలబడ్డాడు.
గది కాస్త చల్లబడింది.
ఎందుకని ఎవరూ అడగలేదు.

ఓట్లు లెక్కపెట్టారు.
జబెజ్ వద్దన్నాడు. వద్దన్నది కొద్దిలో ఓడింది.
హక్కుల జాబితా తర్వాత చేరుస్తామన్నారు గెలిచినవాళ్ళు.
అప్పిచ్చినవాడు వాయిదా విన్నట్టు విన్నాడు.
విని, టోపీ చేతిలో పట్టుకుని లేచి,
"ఓడాను. ఊరికి పోయి
ఇది మన చట్టమేనని చెప్తాను" అన్నాడు.
అన్నది వాళ్ళ భాషలోనే.
నాకే ఎందుకో అలా వినబడింది.

మళ్ళీ నాలుగు రోజులు.
వాకిట్లో పారతో మంచు ఎత్తిపోస్తోంది మెహిటబెల్.
"ఏమన్నావు?"
"వద్దన్నాను."
"ఏమైంది?"
"అయింది."
పార ఆపకుండానే అడిగింది:
"అయితే అందులో నేనున్నానా?"

జబెజ్ కాగితం మడతలు విప్పాడు.
మొదటి మాట మీద వేలు పెట్టాడు.
చాలాసేపు తియ్యలేదు.
పైనుంచి కురుస్తూనే ఉంది
ఆమె శాలువా మీద, అతని వేలి మీద.
తడికి సిరా పాకి
ఆ మాట కాస్త పెద్దదైంది.

చదవడమూ కాస్త కష్టమైంది.